లోడ్ చేసి నెలల తరబడి ఉంచే పిస్టల్: స్ప్రింగు, తూటా, తుప్పు

ఆత్మరక్షణ కోసం పిస్టల్‌ను లోడ్ చేసి ఉంచుకునేవాళ్లని రెండు భయాలు పట్టుకుంటాయి. ఇన్నాళ్లు నొక్కుకుపోయి ఉంటే మ్యాగజైన్ స్ప్రింగు సడలిపోతుందేమో అన్నది ఒకటి. తూటాలు పాతబడి సమయానికి పేలవేమో అన్నది రెండోది. ఆ భయంతో వారానికోసారి తూటాలన్నీ బయటికి తీసి, స్ప్రింగుకు కాస్త విశ్రాంతి ఇచ్చామనుకుని, మళ్లీ ఎక్కిస్తుంటారు. నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. పిస్టల్ లోడ్ అయి ఊరికే పడి ఉండటం వల్ల పాడయ్యేది చాలా తక్కువ. మాటిమాటికీ తీసి పెట్టడం వల్ల, తేమ వల్ల, చెమట వల్ల, బట్టల నూగు వల్ల పాడయ్యేదే ఎక్కువ.

ఇంట్లో తుపాకీ లోడ్ చేసి ఉంచుకోవచ్చా, తూటాలు విడిగా తాళం వేసి పెట్టాలా అన్నది చట్టాన్ని బట్టి, లైసెన్సు షరతులను బట్టి మారుతుంది. ముందు అది చదివి తేల్చుకోండి. అనుమతి లేని చోట మ్యాగజైన్లు, తూటాలు, తుప్పు గురించి కింద చెప్పినంత వరకు తీసుకుని, లోడ్ చేసి ఉంచడం గురించి చెప్పింది వదిలేయండి.

మాటల్లో గందరగోళం లేకుండా ఒకటి చెప్పుకుందాం. ఇక్కడ తూటా అంటే మొత్తం రౌండు. ముందు నుంచి దూసుకుపోయే ముక్క గుండు. వెనక ఉన్న ఇత్తడి గొట్టం కేస్. దాని అడుగున మధ్యలో ఉండే, పిన్ను కొట్టగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ల ప్రైమర్. కేస్ లోపల కాలే పొడి మందు. తూటాలను వరసగా పట్టి ఉంచి, స్ప్రింగుతో పైకి అందించే డబ్బా మ్యాగజైన్. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం స్లైడ్. పిస్టల్ గొట్టం వెనక కొసలో తూటా కూర్చునే చోటు చాంబర్.

స్ప్రింగు దేనివల్ల సడలుతుంది

ఉక్కు స్ప్రింగుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఎంత నొక్కినా, వదలగానే తన పొడవుకి తను వచ్చేస్తుంది. హద్దు దాటి నొక్కితే కొంత శాశ్వతంగా కుంగిపోతుంది. మంచి మ్యాగజైన్ డిజైన్‌లో పూర్తిగా నింపినప్పుడు కూడా స్ప్రింగు ఆ హద్దు లోపలే ఉంటుంది. అందుకే నింపి ఏళ్ల తరబడి పక్కన పెట్టిన మ్యాగజైన్లు బయటికి తీసిన రోజున మామూలుగా పనిచేస్తాయి. అరిగించేది నొక్కి ఉంచడం కాదు, నొక్కడం-వదలడం అనే చక్రం వేల సార్లు తిరగడం. ఇనుప తీగను ఒకచోట వంచి ఉంచితే విరగదు, అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది కదా, ఇదీ అంతే. వారం వారం ఖాళీ చేసి నింపేవాళ్లు స్ప్రింగుకు విశ్రాంతి ఇవ్వడం లేదు, పని పెంచుతున్నారు.

కొత్త స్ప్రింగును మొదటిసారి నింపి కొన్ని రోజులు ఉంచితే కాస్త పొట్టిదవుతుంది. అది చూసి చాలామంది కంగారుపడతారు. అది సహజం. మొదట్లో అలా కుదురుకున్నాక మరి పెద్దగా తగ్గదు. కాబట్టి కొత్త మ్యాగజైన్‌లో చివరి తూటా ఎక్కడం లేదని బలవంతం చేయనక్కర్లేదు. పట్టినన్ని ఎక్కించి నాలుగైదు రోజులు ఉంచితే ఆ తర్వాత మిగతాది కూడా పడుతుంది.

మినహాయింపులు ఉన్నాయి. చిన్న పిస్టళ్ల మ్యాగజైన్లలో పొట్టి గొట్టంలోకే ఎక్కువ తూటాలు కుక్కడానికి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలేంత దగ్గరికి నొక్కుతారు. 7 తూటాల కోసం పుట్టిన గొట్టంలో 8 పట్టేలా చేసిన 1911 రకం (పాత అమెరికన్ పిస్టల్ డిజైన్) మ్యాగజైన్లు కొన్ని, అడుగు పలక మార్చి ఒకటి రెండు తూటాలు అదనంగా పట్టించినవి కొన్ని ఈ కోవలోకే వస్తాయి. వీటిలో స్ప్రింగు హద్దుకు దగ్గరగా పనిచేస్తుంది కాబట్టి త్వరగా సడలుతుంది. వీటికి మాత్రం ఒక తూటా తగ్గించి నింపడం అర్థమున్న పని.

అలా తగ్గించాలా వద్దా అన్నది వేలితో తేల్చుకోవచ్చు. మ్యాగజైన్ పూర్తిగా నింపి పై తూటాను బొటనవేలితో కిందికి నొక్కండి. కొద్దిగానైనా దిగి, వదలగానే చటుక్కున పైకి రావాలి. రాయిలా కదలకుండా ఉంటే ఆ మ్యాగజైన్‌లో జాగా లేదని అర్థం. ఇలాంటి మ్యాగజైన్‌ను స్లైడ్ మూసి ఉన్న పిస్టల్‌లోకి తోస్తే పై తూటా స్లైడ్ అడుగుకి తగిలి, మ్యాగజైన్ పూర్తిగా పట్టుకోదు. పట్టుకున్నట్టే కనబడి, మొదటి దెబ్బకే కిందికి జారి పడిపోతుంది. పిస్టల్‌లోకి ఎక్కించాక అడుగు పలకను అరచేత్తో ఒక దెబ్బ కొట్టి, వెంటనే పట్టి కిందికి లాగి చూడటం ఈ కారణానికే. ఆ లాగడం మానకండి.

సడలిన స్ప్రింగు ముందుగానే సూచనలిస్తుంది. ఆఖరి తూటా పేలాక స్లైడ్ వెనక్కి ఆగకుండా మూసుకుపోతే మొదటి అనుమానం స్ప్రింగు మీదే పెట్టండి (స్లైడ్‌ను వెనక్కి ఆపే మీట, స్లైడ్ స్టాప్ మీద మీ బొటనవేలు ఆనలేదని ముందు ఖాయం చేసుకుని). చివరి రెండు మూడు తూటాలు ముక్కు కిందికి వాలి చాంబర్ ఎదుట ఇరుక్కుంటే అదీ ఆ జబ్బే. ఎందుకంటే మ్యాగజైన్ ఖాళీ అయ్యేకొద్దీ స్ప్రింగు తోపు తగ్గుతుంది, చివరి తూటాల దగ్గర అది అత్యంత బలహీనంగా ఉంటుంది. స్లైడ్ ముందుకు వచ్చేలోపు తూటాను పైకి అందించలేకపోతే స్లైడ్ ఉత్త చాంబర్ మీద మూసుకుంటుంది, లేదా తూటా నడుముని పట్టుకుని నొక్కేస్తుంది. ఆ స్థితిలో స్ప్రింగును సాగదీసి మళ్లీ పెట్టడం పనికిరాదు. సాగదీసిన స్ప్రింగు త్వరలోనే మళ్లీ కుంగుతుంది. కొత్తది వేయండి.

స్ప్రింగు కంటే ఎక్కువగా చూడాల్సింది మ్యాగజైన్ పెదవులు. తూటాలను పైన పట్టి ఉంచే ఆ రెండు అంచులే నెలల తరబడి స్ప్రింగు బరువంతా మోస్తాయి. ఉక్కువైతే పెద్దగా బాధ లేదు. లోపల ఉక్కు తొడుగు లేని ప్లాస్టిక్ మ్యాగజైన్లలో పెదవులు మెల్లగా విచ్చుకోవచ్చు, బీటలు వారవచ్చు. కొత్తగా కొన్నప్పుడే పెదవుల మధ్య వెడల్పును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి, మ్యాగజైన్ నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏడాదికోసారి అదే చోట కొలిచి పోల్చండి. పెరిగిందంటే ఆ మ్యాగజైన్ ఇక సాధనకే, రక్షణకు కాదు. పెదవులను శ్రావణంతో నొక్కి సరిచేయాలని చూడొద్దు.

పిస్టల్ లోపలి మిగతా స్ప్రింగుల గురించి కూడా అడుగుతుంటారు. సుత్తి ఎక్కి ఉన్న పిస్టల్‌లో సుత్తి స్ప్రింగు, సుత్తికి బదులు పిన్నే స్ప్రింగు బలంతో దూసుకొచ్చి ప్రైమర్‌ను కొట్టే స్ట్రైకర్ రకంలో సగం బిగువులో ఉండే స్ట్రైకర్ స్ప్రింగు, స్లైడ్‌ను ముందుకు తోసే, స్లైడ్ మూసి ఉన్నప్పుడూ కొంత నొక్కుడులో ఉండే రికాయిల్ స్ప్రింగు, వీటన్నిటికీ ఇదే సూత్రం. వాటి ఆయుష్షు పేల్చిన తూటాల లెక్కలో ఉంటుంది, నెలల లెక్కలో కాదు. ఎన్ని వేల తూటాలకు మార్చాలో తయారీదారు పుస్తకంలో చూసుకోండి. చిన్న పిస్టళ్లలో రికాయిల్ స్ప్రింగు మీద భారం ఎక్కువ కాబట్టి వాటికి ఆ అంకె తక్కువ ఉంటుంది.

చాంబర్‌లో ఉండే ఆ ఒక్క తూటా

అసలు ప్రమాదం ఇక్కడుంది. చాలామంది రాత్రి పిస్టల్ ఖాళీ చేస్తారు, పొద్దున్నే అదే తూటాను మళ్లీ చాంబర్‌లోకి ఎక్కిస్తారు. ప్రతిసారీ స్లైడ్ ఆ తూటాను మ్యాగజైన్‌లోంచి లాక్కుని ర్యాంపు (చాంబర్‌లోకి ఎక్కించే వాలు) మీదికి కొడుతుంది. గుండు ముక్కు ఆ దెబ్బ తింటుంది. కేస్ నోరు గుండును పట్టుకున్న పట్టు కొంచెం కొంచెంగా వదులై, గుండు లోపలికి జరుగుతుంది. కేస్ లోపలి ఖాళీ తగ్గిపోతుంది. మందు అంతే ఉంది, జాగా తగ్గింది. దాంతో పేలినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

9 ఎంఎం తూటాకూ .40 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకూ ప్రామాణిక గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .45 ఏసీపీకి 21,000 మాత్రమే. మొదటి రెండూ ముందే ఎక్కువ ఒత్తిడితో పనిచేస్తాయి, కేస్ లోపల జాగా తక్కువ, అందువల్ల గుండు జరగడం వీటిలో మరీ ప్రమాదం. కేస్ చిట్లి మ్యాగజైన్ బయటికి ఎగిరిపోవడం నుంచి చాంబర్ పగలడం దాకా ఏదైనా జరగొచ్చు.

దీన్ని కనిపెట్టడం తేలిక. అదే పెట్టెలోంచి ఇంతవరకు చాంబర్ ఎక్కని రెండు తూటాలు తీసుకోండి. అనుమానమున్న తూటాను వాటి మధ్యలో, గాజు పలక మీద, అడుగు కిందికి వచ్చేలా నిలబెట్టండి. కంటిని ముక్కుల ఎత్తుకి దించి చూడండి. జరిగిన గుండు పక్కవాటి కంటే పొట్టిగా కనబడుతుంది. కంటికి తెలియనంత తేడా అయితే కాలిపర్స్‌తో మొత్తం పొడవు కొలవండి. పుస్తకంలోని అంకెతో పోల్చొద్దు. 9 ఎంఎంకు గరిష్ఠ పొడవు 29.69 మి.మీ. అని ఉన్నా, రక్షణకు వాడే గుంట ముక్కు గుండ్లు చాలావరకు అంతకంటే పొట్టిగానే ఉంటాయి. మీ పెట్టెలోని కొత్త తూటాలే మీకు కొలబద్ద. ఒకే పెట్టెలో 0.1 మి.మీ. అటూ ఇటూ ఉండటం మామూలే. 0.25 మి.మీ. తగ్గితే ఆ తూటా పక్కన పెట్టేయాలి. పక్కన పెట్టడమంటే సాధనలో పేల్చేయడం కాదు. గుండు జరిగిన తూటాను ఎక్కడా పేల్చకూడదు. దాన్ని విడిగా ఉంచి, షూటింగ్ రేంజిలో పనికిరాని తూటాలు తీసుకునేవాళ్లకి అప్పగించండి.

రెండో ముప్పు కంటికి కనబడదు. తూటా చాంబర్ ఎక్కే ప్రతిసారీ ఆ కుదుపు ప్రైమర్ లోపలి పేలుడు పదార్థానికి కూడా తగులుతుంది. ఒకే తూటాను మాటిమాటికీ ఎక్కిస్తే ఆ పదార్థం పొడిపొడిగా రాలి, పిన్ను కొట్టినా నిప్పు పుట్టకపోవచ్చు. బయటినుంచి చూస్తే తూటా మామూలుగానే ఉంటుంది. కొలతలోనూ తేడా ఉండదు.

అందుకని లెక్క పెట్టుకోవాలి. తూటా చాంబర్ ఎక్కిన ప్రతిసారీ కేస్ అడుగు అంచు మీద, ప్రైమర్‌కు తగలకుండా, మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. మూడు చుక్కలు పడ్డ తూటాను కొలిచి, పొడవు సరిగ్గా ఉంటే సాధన డబ్బాలో వేయండి. రక్షణకు మళ్లీ వాడొద్దు. ఒక చుక్క, రెండు చుక్కలున్నవి మ్యాగజైన్ అడుగుకి పంపి, కొత్తవి పైకి వచ్చేలా నింపండి.

ఇంతకంటే మంచి మార్గం, తీయడమే తగ్గించడం. పిస్టల్‌ను ట్రిగ్గరు పూర్తిగా కప్పే హోల్‌స్టర్‌లో పెట్టి, హోల్‌స్టర్‌తో సహా పెట్టెలో ఉంచి తాళం వేస్తే రోజూ ఖాళీ చేయాల్సిన పనే లేదు. ఉత్త ట్రిగ్గరు సాధన (తూటా లేకుండా ట్రిగ్గరు నొక్కడం) చేసేవాళ్లు రోజుకి ఐదు నిమిషాల కోసం రోజూ తీసి పెట్టే బదులు, వారానికి ఒకరోజు గంటసేపు చేయడం మేలు. సాధన చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు, ఈ నియమానికి సడలింపు లేదు.

చాంబర్ ఖాళీగా ఉంచి మ్యాగజైన్ మాత్రం పెట్టుకునేవాళ్లకు గుండు జరిగే బాధ ఉండదు. ఇంట్లో పిల్లలుంటే, పిస్టల్ ఒంటి మీద కాక పెట్టెలో ఉంటే, ఆ పద్ధతిని కొట్టిపారేయొద్దు. అయితే సమయానికి స్లైడ్ లాగడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఆ సంగతి తెలిసే ఎంచుకోవాలి.

ఎక్కించేటప్పుడు చేసే తప్పులు

తూటాను నేరుగా చాంబర్‌లో పడేసి దాని మీద స్లైడ్ వదలడం అన్నిటికంటే పెద్ద తప్పు. మామూలుగా తూటా మ్యాగజైన్‌లోంచి పైకి వస్తూ, కేస్‌ను చాంబర్‌లోంచి వెనక్కి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి జారి కూర్చుంటుంది. చాంబర్‌లో ముందే ఉంటే కొక్కెం తూటా అంచు మీదుగా ఎగిరి దూకాలి. 1911 రకంలో ఎక్స్‌ట్రాక్టర్ ఒకే ఉక్కు బద్ద, దాని బిగువే దాని స్ప్రింగు. ఇలా మాటిమాటికీ దూకిస్తే బిగువు పోవచ్చు, కొక్కెం విరగొచ్చు. ఎప్పుడూ మ్యాగజైన్‌లోంచే ఎక్కించండి. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిన జాగాలో ఇంకో తూటా వేసుకుని మళ్లీ పెట్టుకోండి.

స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి వదిలేయాలి. చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు దించితే చివరి మిల్లీమీటరు మూసుకోక, ట్రిగ్గరు నొక్కినా పేలని స్థితిలో ఆగిపోవచ్చు. చాంబర్‌లో తూటా ఉందో లేదో చూద్దామని స్లైడ్ కాస్త వెనక్కి లాగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. చూశాక స్లైడ్ వెనక భాగాన్ని బొటనవేలితో ముందుకు తోసి, పూర్తిగా మూసుకుందని కళ్లతో ఖాయం చేసుకోండి. డీకాకింగ్ మీట ఉన్న పిస్టల్ అయితే సుత్తిని మీటతోనే దించాలి. బొటనవేలితో పట్టి, ట్రిగ్గరు నొక్కి దించే అలవాటు ఎన్నో అనుకోని కాల్పులకు కారణం.

ఖాళీ చేసే క్రమం

పిస్టల్ గొట్టం గుండు ఆగిపోయే దిక్కుకి ఉండాలి, వేలు ట్రిగ్గరుకి దూరంగా ఫ్రేమ్ మీద ఉండాలి.

1. ముందు మ్యాగజైన్ తీసి పక్కన పెట్టండి. క్రమం తారుమారైతే, అంటే స్లైడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, చాంబర్‌లో కొత్త తూటా కూర్చుని ఉంటుంది.
2. స్లైడ్ పూర్తిగా లాగి చాంబర్‌లోని తూటా బయటికి పడనివ్వండి. కింద మెత్తటి తువ్వాలు పరిచి ఉంచండి.
3. మళ్లీ రెండుసార్లు లాగి, స్లైడ్‌ను వెనక్కి ఆపండి.
4. చాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. మ్యాగజైన్ దారిని కూడా. చీకట్లో ఈ తడమడమే నమ్మకం.

రెండో అడుగులో చాలామంది తూటా కింద పడకుండా అరచేతిని స్లైడ్ కిటికీ (తూటా బయటికి వచ్చే సందు) మీద కప్పి పట్టుకుంటారు. ఆ పని చేయొద్దు. తూటా బయటికి రాలేక లోపల అడ్డం తిరిగితే, కేస్‌ను బయటికి తన్నే ఎజెక్టర్ మొన ప్రైమర్‌కు తగిలి చేతిలోనే పేలవచ్చు. చాంబర్ బయట పేలిన కేస్ గ్రెనేడ్ ముక్కల్లా చీలుతుంది, ఆ ముక్కలు వేళ్లలో దిగుతాయి. కింద పడిన తూటాను వంగి తీసుకోవడం ఎంతో తేలిక.

నూనె ఎంత, ఎక్కడ

వాడుతున్న పిస్టల్‌కు వేసే నూనె, పడి ఉండే పిస్టల్‌కు వేసే నూనె ఒకటి కాదు. పల్చటి నూనె నెల రెండు నెలల్లో ఆరిపోతుంది, లేదా నిలువునా పెట్టిన పిస్టల్‌లో కిందికి కారిపోతుంది. గొట్టం పైకి ఉంచితే స్లైడ్ వెనక భాగంలోకి, స్ట్రైకర్ దారిలోకి దిగుతుంది. అక్కడ మసితో, నూగుతో కలిసి జిడ్డు కట్టి, చలికాలంలో పిన్ను దెబ్బను మందగింపజేస్తుంది. ప్రైమర్ మీద లేత గీతే పడి తూటా పేలకపోతే ఎక్కువసార్లు కారణం ఇదే.

స్ట్రైకర్ దారిలో చుక్క కూడా వేయొద్దు. పొడిగా ఉండాలి. చాంబర్ కూడా పొడిగానే. పేలినప్పుడు కేస్ గోడలు చాంబర్ గోడలను పట్టుకుంటాయి. అక్కడ నూనె ఉంటే ఆ పట్టు తగ్గి, భారం అంతా స్లైడ్ ముఖం మీద పడుతుంది. మ్యాగజైన్ లోపల కూడా నూనె వద్దు, అది తూటాల మీదికే చేరుతుంది. తుప్పు వదిలించడానికి కొట్టే చొచ్చుకుపోయే రకం స్ప్రేలు మరీ ప్రమాదం. సీలు సరిగా లేని తూటాల్లో అవి ప్రైమర్ అంచు గుండా లోపలికి పాకి పేలుడు పదార్థాన్ని చంపేయగలవు. తూటాలు ఎక్కించే ముందు చేతులకు నూనె లేకుండా తుడుచుకోండి.

స్లైడ్ జారే నాలుగు చోట్లా ఒక్కో చుక్క, గొట్టం బయటివైపు ముందు భాగంలో ఒక చుక్క పాముడు, గొట్టం వెనక పైభాగం స్లైడ్‌కు రాసుకునే చోట ఒకటి, మీ పుస్తకం చెబితే ట్రిగ్గరు బారు దగ్గర ఒకటి. ఇంతే. నెలల తరబడి ఉంచేదానికి జారే చోట్ల పల్చటి పొర గ్రీజు నూనె కంటే నయం, అది కదలదు. గడ్డకట్టే చలి ఉండే చోట మాత్రం గ్రీజు బిగుసుకుంటుంది, అక్కడ నూనే వాడి నెలనెలా చూసుకోవాలి.

తుప్పు, చిలుము

స్టెయిన్‌లెస్ అయినా తుప్పు పడుతుంది, ఆలస్యంగా పడుతుంది. మొదట కనబడేది సైట్ల (గురి చూసే భాగాల) అడుగున, స్క్రూ తలల్లో, స్లైడ్ మీది గాడుల్లో, మ్యాగజైన్ మీట దగ్గర, పిడి పలకల కింద. ఒంటి మీద పెట్టుకునే పిస్టల్‌కు శత్రువు చెమటలోని ఉప్పు. రోజు చివర పొడి గుడ్డతో ఒకసారి తుడవడం, వారానికోసారి నూనె అంటిన గుడ్డతో బయటి లోహాన్ని తుడవడం చాలు. దుమ్ము అంటుకోకుండా ఉండాలనుకుంటే బయటివైపు మైనం పూత మంచిది.

తోలు హోల్‌స్టర్‌లో నెలల తరబడి ఉంచొద్దు. తోలు తేమ పట్టుకుంటుంది, తోలును పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు అందులో మిగిలి ఉంటాయి. తోలు బెల్టు గూళ్లలో ఉంచిన ఇత్తడి తూటాల మీద ఆకుపచ్చ చిలుము పేరుకుంటుంది, అది చాంబర్‌లోకి వెళ్లి తూటాను ఇరికించేస్తుంది. పిస్టల్ కొన్నప్పుడు వచ్చే స్పాంజి పెట్టె కూడా అంతే, స్పాంజి గాల్లోని తేమను పీల్చి లోహానికి అంటిస్తుంది. గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ మేలు. పెట్టెలో సిలికా జెల్ సంచి, ఒక చిన్న తేమ మీటరు ఉంచండి. తేమ 50 శాతం దాటకుండా చూడండి. రంగు మారే రకం జెల్ అయితే రంగు మారగానే 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది.

ఇత్తడికి అమ్మోనియా పడదు. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలం తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచినప్పుడు కేసులు వాటంతట అవే చీలిపోయేవి. ఆ ఋతువు పేరు మీదే ఈ జబ్బుకు 'సీజన్ క్రాకింగ్' అని పేరొచ్చింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే అలా చీలుతుందని 1921లో తేల్చారు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరు, రాగి మరక తీసే ద్రావణాల సీసాలు తూటాల అరలో పెట్టకండి. గొట్టం శుభ్రం చేశాక ఆ ద్రావణం చాంబర్‌లో మిగలకుండా పొడి గుడ్డ ముక్కలు తెల్లగా వచ్చేదాకా లాగండి. తేమ ఎక్కువుండే చోట నికెల్ పూత కేసులున్న తూటాలు ఎంచుకోవచ్చు, వాటికి చిలుము అంత త్వరగా పట్టదు.

తూటాల ఆయుష్షు విషయానికొస్తే, పెట్టెలో చల్లగా పొడిగా ఉన్నవి దశాబ్దాలు నిలుస్తాయి. పిస్టల్‌లో ఉన్నవి ఆ లెక్కలోకి రావు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు, అలాంటి వేడి మందులోని స్థిరీకరణ పదార్థాన్ని త్వరగా తినేస్తుంది. కారులో పిస్టల్ వదలకపోవడానికి దొంగతనం ఒక్కటే కారణం కాదు.

రివాల్వర్ అయితే

మ్యాగజైన్ లేదు, సుత్తి స్ప్రింగు దించే ఉంటుంది, చాంబర్‌లోకి కొట్టుకుంటూ వెళ్లే తూటా లేదు. అందుకే అరలో పడి ఉండటానికి రివాల్వర్ ఓర్పున్న ఆయుధం. కానీ సిలిండర్‌ను జామ్ చేసే చిన్న కారణాలు దీనికున్నాయి. కేసులను బయటికి తోసే ఎజెక్టర్ నక్షత్రం కింద కాలని మందు రేణువులు రెండు ఇరుక్కుంటే చాలు, సిలిండర్ బిగుసుకుని ట్రిగ్గరు కదలదు. శుభ్రం చేసేటప్పుడు నక్షత్రాన్ని పైకెత్తి, కింద పొడి బ్రష్‌తో తోమాలి. నింపాక సిలిండర్ మూసి, సుత్తి దించే ఉంచి, అడుగున కేసులకూ ఫ్రేమ్‌కూ మధ్య సందును వెలుతురుకి పట్టి చూడండి. ఒక ప్రైమర్ ఉబ్బెత్తుగా ఉంటే అక్కడ సందు మూసుకుపోతుంది. ఆ తూటా మార్చండి. ట్రాన్స్‌ఫర్ బారు (ట్రిగ్గరు నొక్కితేనే సుత్తి దెబ్బను పిన్నుకు అందించే పట్టీ) లేని పాత సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ సుత్తిని చేత్తో ఎక్కించాల్సిన) రివాల్వర్లలో సుత్తి కింద చాంబర్ ఖాళీగా ఉంచి, ఆరు పట్టే చోట ఐదే నింపాలి.

బ్యాటరీలు, తాళాలు

రెడ్ డాట్ సైటు (ఎర్రటి చుక్కతో గురి చూపేది) ఉంటే దాని బిళ్ల బ్యాటరీని ఏడాదికోసారి, అయిపోయినా కాకపోయినా, ఒక నిర్ణీత తేదీన మార్చేయండి. మార్చాక సైటు స్క్రూలకు గీసిన గీతలు కదిలాయేమో చూడండి, గురి సరిచూసుకోండి. టార్చిలైటులో లిథియం బ్యాటరీలే వేయాలి. ఆల్కలైన్ బ్యాటరీలు కారి లైటును తినేస్తాయి. చీకట్లో వాటంతట అవే వెలిగే ట్రిటియం సైట్ల వెలుగు 12.3 ఏళ్లకు సగమవుతుంది, తయారైన ఏడాది చూసుకోండి.

ఎలక్ట్రానిక్ తాళమున్న పెట్టెకు కూడా అదే తేదీన బ్యాటరీ. విడి తాళం చెవి పెట్టె లోపల కాకుండా మీకు మాత్రమే తెలిసిన చోట ఉండాలి. పరుపు కింద, దిండు కింద, బీరువా పైన లోడ్ చేసిన పిస్టల్ పెట్టడం దాచడం కాదు. పిల్లలకు ఇంట్లో తెలియని చోటంటూ ఉండదు. మీ ఒంటి మీద లేని ప్రతి నిమిషం అది తాళంలో ఉండాలి. వారాల తరబడి ఊరెళ్తుంటే ఖాళీ చేసి, తూటాలు విడిగా పెట్టి వెళ్లండి, అలాంటప్పుడు ఖాళీ చేయడం వృథా పని కాదు.

ఎప్పుడు ఏం చూడాలి

నెలకోసారి: పిస్టల్ ఖాళీ చేసి, బయట తుప్పు, గొట్టంలో నూగు, పెదవుల దగ్గర దుమ్ము, చాంబర్ తూటా మీద చుక్కలు, దాని పొడవు, నూనె ఆరిందా. పది నిమిషాల పని. గొట్టంలోకి చూడటం మానకండి, జేబులో తిరిగే పిస్టళ్లలో నూగు ఉండలు కట్టి ఉంటుంది.

ఆరు నెలలకోసారి మ్యాగజైన్లు విప్పండి. అడుగు పలక తీసేటప్పుడు కింద బొటనవేలు అడ్డం పెట్టండి, స్ప్రింగు కంటికి ఎగిరి తగులుతుంది. స్ప్రింగు ఏ కొస పైకి, ఏ దిక్కుకి ఉందో విప్పేముందు ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే ఫాలోయర్ (స్ప్రింగు మీద ఉండి తూటాలను పైకి తోసే పలక) ముక్కు వాలి మొదటి తూటాకే ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ గొట్టం లోపల పొడి గుడ్డతో తుడవండి, పదేపదే జారిన చోట ఫాలోయర్ అంచులు విరిగాయేమో చూడండి.

ఏడాదికోసారి ఆ లోడునంతా రేంజిలో పేల్చి కొత్త తూటాలు నింపాలి. పేల్చే ముందు ప్రతి తూటా పొడవు చూసుకోండి, పొట్టిదైనది పక్కన పెట్టేయండి. పిస్టల్‌ను మాత్రం శుభ్రం చేయొద్దు, నూనె వేయొద్దు. అరలో ఎలా ఉందో అలాగే తీసుకెళ్లి పేల్చండి. ఆ మొదటి మ్యాగజైన్ ఇంతకాలం మీ దగ్గరున్నది ఎలా పనిచేసేదో చెబుతుంది. ఒక తూటా పేలకపోతే, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, తీసి, ప్రైమర్ మీది గీత చూడండి. లోతుగా ఉంటే తప్పు తూటాది, లేతగా ఉంటే స్ట్రైకర్ దారిది. స్లైడ్ చివర్లో ఆగకపోతే ఆ మ్యాగజైన్ నంబరు రాసుకుని స్ప్రింగు మార్చి, అదే మ్యాగజైన్‌తో రక్షణకు వాడే తూటాలే కనీసం రెండుసార్లు నిండా పేల్చి చూశాకే మళ్లీ పిస్టల్‌లో పెట్టండి.